సెల్లులో పసుపు, ఫ్లెక్సీలో నారింజ: బ్రాండ్ రంగు ఎక్కడ జారిపోతోంది

తెల్లారి ఐదున్నరకి తిరుపతిలో ఏ సందులో పాల బూత్ దగ్గర నిలబడినా కంపెనీ పేరు వినపడటం తక్కువ, రంగు పేరే ఎక్కువ. "పచ్చ ప్యాకెట్ రెండు, నీలం ఒకటి ఇయ్యన్నా" అంటారు, అంతే. దాంట్లో వెన్న శాతం ఎంత, పైన ఏం రాసుంది అని ఎవరూ చదవరు, చదువు రాని అవ్వ కూడా రంగు చూసి చెయ్యి చాపుతుంది. ఆ రంగే ఆ సరుకు పేరు అయిపోయిందన్నమాట. ఆ నీలం ఒక రోజు కాస్త ఊదాగా వచ్చిందనుకోండి, లోపల పాలు అవే అయినా "ఇది వేరే రకమా, డూప్లికేటా" అని ప్యాకెట్‌ని తిప్పి తిప్పి చూస్తారు. పెద్ద కంపెనీలు ఆ రంగు కోసం డబ్బు పెడతాయి, విడిగా ఇంకు కలిపించుకుంటాయి కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. గొడవంతా చిన్న వ్యాపారాలది.

గాంధీ రోడ్డులోనో కేటీ రోడ్డులోనో ఒక స్వీట్ షాపు అనుకోండి. పసుపూ కుంకుమా రంగుల్లో లోగో, ఓనర్ మేనల్లుడు కాన్వా అనే డిజైన్ యాప్‌లో చేసిచ్చాడు, సెల్లులో చూస్తే అప్పుడే నూరిన పసుపు కొమ్ములా నిగనిగలాడుతోంది, ఇంట్లో అందరికీ నచ్చింది. తర్వాత విజిటింగ్ కార్డు కొట్టిస్తే నిమ్మకాయ పసుపు వచ్చింది, ఫ్లెక్సీ వేయిస్తే నారింజ, నాన్ వోవెన్ సంచి మీద ఆవపిండి ముద్ద, న్యూస్‌పేపర్‌లో పెట్టి పంచే పాంప్లెట్‌లో ఏదో ఉతికి ఉతికి వెలిసిన పసుపు. "ఏందన్నా ఇది, సెల్లులో ఒగ రంగు, ఫ్లెక్సీలో ఒగ రంగు" అని ఓనర్ డీటీపీ అబ్బాయిని నిలదీస్తాడు, అతనేమో ఫైల్ కరెక్టుగానే ఉంది, మిషన్‌లో తేడా అంటాడు, మిషన్ వాళ్లని అడిగితే మాకు ఏ ఫైల్ ఇస్తే అదే కొట్టాం అంటారు. ముగ్గురూ నిజమే చెప్తున్నారు, తమాషా అక్కడే ఉంది. అసలు పొరపాటు వీళ్ల దాకా రాకముందే జరిగిపోయింది, రంగుని సెల్లులో చూసి ఓకే చేసిన రోజునే. ఎందుకో తెలియాలంటే స్క్రీన్ రంగు ఎట్లా పుడుతుంది, కాగితం మీద రంగు ఎట్లా పుడుతుంది అనేది కొంచెం దగ్గరగా చూడాలి.

స్క్రీన్ అంటే వెలుగు. ఎరుపు, పచ్చ, నీలం మూడు బుల్లి దీపాలు, ఏది ఎంత వెలగాలో చెప్పేదే ఆర్‌జీబీ నంబర్. ఒక్కో దీపానికి 0 నుంచి 255 దాకా 256 మెట్లు, మూడింటినీ కలిపి లెక్కేస్తే 1,67,77,216 రంగులు. మూడూ ఫుల్లుగా వెలిగితే తెలుపు. కాగితం దగ్గర కథ మొత్తం తిరగబడుతుంది, కాగితానికి సొంత వెలుగు లేదు, ట్యూబులైటుదో ఎండదో పైన పడిన వెలుగులో కొంత ఇంకు మింగేస్తుంది, మిగిలిందే మన కంటికి చేరుతుంది. సియాన్ ఇంకు ఎరుపు వెలుగుని మింగుతుంది, మెజెంటా పచ్చని, ఎల్లో నీలాన్ని. లెక్క ప్రకారం ఈ మూడూ కలిస్తే నలుపు రావాలి, కానీ నిజంగా వచ్చేది బురద గోధుమ, అందుకే నాలుగోదిగా నల్ల ఇంకు పెట్టారు, అదే సీఎంవైకే. స్క్రీన్ మీద రంగు కలిపేకొద్దీ వెలుగు పెరుగుతుంది, కాగితం మీద కలిపేకొద్దీ తగ్గుతుంది, ఈ ఒక్క తేడాలోంచే మిగతా తలనొప్పులన్నీ పుట్టుకొస్తాయి.

నమ్మకం లేకపోతే ఇవాళ్టి న్యూస్‌పేపర్ తీసుకుని పట్టుచీరల యాడ్ మీద భూతద్దం పెట్టి చూడండి. పసుపు చీర అనుకున్న చోట పసుపు నేల ఉంటుంది, దాని మీద ఎవరో గులాబీ రంగు ఆవగింజలు చల్లినట్టు మెజెంటా చుక్కలు, మడత నీడ పడిన చోట సియాన్ చుక్కలూ నల్ల చుక్కలూ కూడా చేరతాయి. అక్కడ పసుపు పచ్చ రంగు అనేదే విడిగా లేదు, దూరం నుంచి మన కన్ను ఈ చుక్కలన్నీ కలిపేసుకుంటోంది. ఎల్లో ఇంకు ఒక్కటే 100 శాతం వేస్తే నిమ్మకాయ రంగే వస్తుంది, పూజ పసుపు రావాలంటే దాని మీద 15 నుంచి 25 శాతం మెజెంటా పడాలి. ఇదే పసుపు లోగోల అసలు రోగం. ఆ మెజెంటా చుక్క కొంచెం లావైతే రంగు నారింజ వైపు పోతుంది, కొంచెం సన్నబడితే నిమ్మకాయ వైపు పోతుంది, స్వీట్ షాపు వాళ్లకి కార్డు మీద ఒకటి, ఫ్లెక్సీ మీద ఇంకొకటి రావడం వెనక పెద్ద మర్మం ఏమీ లేదు.

ఇంకుకి అసలు చేతకాని రంగులు కూడా ఉన్నాయి. స్క్రీన్ మీద కళ్లు జిగేల్‌మనే నీలం, అంటే 0-0-255, ఫోటోషాప్ మామూలుగా వచ్చే సెట్టింగ్‌లో సీఎంవైకేకి మారిస్తే సియాన్ 88, మెజెంటా 77 అవుతుంది. రెండూ దాదాపు సమానం కాబట్టి కాగితం మీద అది నీలంగా ఉండదు, వంకాయ రంగుకి పోతుంది. ప్రెస్సు వాళ్లు నీలం నీలంగానే ఉండాలంటే మెజెంటాని సియాన్ కంటే కనీసం 30 తక్కువ పెట్టమని చెప్పేది అందుకే. రామచిలక పచ్చ సంగతీ అంతే, స్క్రీన్ మీద 0-255-0 మెరిసిపోతుంది, ఇంకులో సియాన్, మెజెంటా, ఎల్లో, నలుపు వరసలో 63-0-100-0 అయ్యి మామూలు అరిటాకు అవుతుంది. ఎరుపు మాత్రం కాస్త నయం, 0-99-100-0 అని వచ్చి ఎరుపు అనిపించుకుంటుంది, కుంకుమ రంగు పెట్టుకున్నవాళ్లు ఈ లెక్కన అదృష్టవంతులే. నియాన్ రంగులు ఈ నాలుగు ఇంకుల్లో రానే రావు, ఎంత మంచి ప్రెస్సుకి పోయినా రావు. ఇంకో ముచ్చట, ఫోటోషాప్‌లో మామూలుగా ఉండే ఆ సీఎంవైకే సెట్టింగ్ అమెరికాలో రోల్ కాగితం మీద కొట్టే మిషన్ల కోసం చేసింది, మన దగ్గర షీట్ మిషన్ మీద, మన కాగితం మీద కొట్టే కార్డుకీ దానికీ చుట్టరికం తక్కువ, అయినా అందరం దాన్నే ముట్టుకోకుండా వాడేస్తున్నాం.

అందుకే ఉత్తి నంబర్ పట్టుకుని ఇదే నా బ్రాండ్ రంగు అంటే సగం మాటే అవుతుంది. పచ్చడికి ఉప్పు రెండు చెంచాలు అని రాసిచ్చారు అనుకోండి, ఏ చెంచా, పొడి ఉప్పా కల్లుప్పా అని చెప్పకపోతే ఆ రాత ఎవరికి పనికొస్తుంది. రంగుల్లో ఆ చెంచా కొలత చెప్పేదాన్ని ప్రొఫైల్ అంటారు. అడోబీ, యాపిల్, మైక్రోసాఫ్ట్, కొడాక్ లాంటి కంపెనీలు కలిసి 1993లో ఐసీసీ అని ఒక సంస్థ పెట్టుకున్నది ఈ కొలత కోసమే, ఏ మిషన్ రంగు ఏంటో ఒక ఫైల్‌లో రాసి పెడితే ఇంకో మిషన్ దాన్ని చదువుకుని తన భాషలోకి మార్చుకుంటుంది. వెబ్‌లో అందరూ వాడే ఎస్ఆర్‌జీబీ కూడా ఇట్లాంటి కొలతే, 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చాయి. డిజైనర్ అడోబీ ఆర్‌జీబీ అనే ఇంకో కొలతలో పని చేసి ప్రొఫైల్ తగిలించకుండా ఆన్‌లైన్‌లో పెడితే చూసేవాళ్ల ఫోన్ దాన్ని ఎస్ఆర్‌జీబీ అనుకుంటుంది, రంగులన్నీ పాలిపోతాయి. వెబ్‌కి ఇచ్చేది ఏదైనా ఎస్ఆర్‌జీబీకి మార్చి ప్రొఫైల్‌తో సేవ్ చేస్తే డిజిటల్ వైపు సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

మిగతా సగం ఫోన్లది. ఒక ఫోన్‌లో రంగుల్ని పెంచి చూపించే వివిడ్ మోడ్, ఇంకో దాంట్లో రాత్రయితే నైట్ లైట్ ఆన్ అయ్యి తెల్ల గోడ కూడా గంధం పూసినట్టు కనపడుతుంది, మూడో దాంట్లో గదిలో లైటుని బట్టి స్క్రీన్ తనే రంగు మార్చుకుంటుంది. ఓనర్ రాత్రి పదకొండుకి మంచం మీద పడుకుని నైట్ లైట్ ఆన్‌లో ఉన్న ఫోన్‌లో "పసుపు కొంచెం తగ్గించు" అని మెసేజ్ పెడతాడు, డిజైనర్ తగ్గిస్తాడు, పొద్దున చూస్తే నిమ్మకాయ. దానికి తోడు వాట్సాప్. ఫోటోగా పంపితే సైజు తగ్గించడానికి జేపెగ్‌గా నలిపేస్తుంది, ఈ నలపడంలో వెలుగు నీడల వివరం కంటే రంగు వివరం ముందు పోతుంది, ఎర్ర అక్షరాల అంచులు కుంకుమ చెదిరినట్టు అవుతాయి. అదే ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది. రెండు సార్లు వేలు నొక్కే పని, అయినా ఎందుకో ఎవరూ చెయ్యరు. కాన్వాలో ఉచిత అకౌంట్ నుంచి దింపిన పీడీఎఫ్ ఆర్‌జీబీలోనే వస్తుంది, సీఎంవైకే ఆప్షన్ డబ్బు కట్టినవాళ్లకే, కాబట్టి మార్చే పని ప్రెస్సు కంప్యూటర్ మీద పడుతుంది, అది తనకి తోచినట్టు మారుస్తుంది.

ఈ మార్పిళ్లలో ఎవరూ పట్టించుకోనిది నల్ల అక్షరం. డీటీపీ వాళ్లు వాడే కోరెల్ సాఫ్ట్‌వేర్‌లో నల్ల ఇంకు 100 అని కరెక్టుగా పెట్టిన అక్షరాన్ని ఎవరో జేపెగ్ చేసి ఆర్‌జీబీలోకి తెచ్చి మళ్లీ సీఎంవైకే చేశారనుకోండి, ఆ నలుపు 75-68-67-90 అయ్యి కూర్చుంటుంది. స్క్రీన్ మీద చూస్తే ఏ తేడా తెలీదు. కానీ ఇప్పుడు ఒక్క అక్షరం కోసం, ఒక్కో ఇంకుకి ఒకటి చొప్పున ఉండే నాలుగు ప్లేట్ల అచ్చులూ ఒకదాని మీద ఒకటి వెంట్రుక వాసి తేడా లేకుండా కూర్చోవాలి, మిషన్ స్పీడులో అది కుదరదు. ఇంగ్లీషు అక్షరాలైతే నిలువు గీతలు, కొంత దాక్కుంటాయి. "లక్ష్మి" అని చిన్న సైజులో రాసి చూడండి, క్ష కింద మ వత్తు, పైన గుడి, అన్నీ సన్నటి వంపులే, ఒక పక్క ఎర్ర నీడ ఇంకో పక్క నీలం నీడ వచ్చి వత్తు మూసుకుపోయి అదేదో ముద్దలా అవుతుంది. అప్పుడు "ప్రింటింగ్ బ్లర్‌గా ఉంది" అని ప్రెస్సుని తిడతారు. తెలుగు అక్షరం నల్లగా, చిన్నగా ఉంటే ఒక్క నల్ల ఇంకులోనే ఉండాలి, ఈ ఒక్కటి మాత్రం బేరం లేని రూలు. బూడిద రంగు కూడా వీలైతే నల్ల ఇంకు శాతంతోనే పెట్టుకోవాలి, మూడు రంగులు కలిపి చేసిన బూడిద ఒక రోజు పచ్చగా, ఇంకో రోజు గులాబీగా తిరుగుతుంది.

కాగితం సంగతికి వస్తే, ఇది శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లకి మనందరి కంటే ముందే తెలుసు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ మీద కసిమి, అంటే ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెట్టిన ద్రవంతో గీత గీస్తారు. కలంలో ఉన్నప్పుడు అది అంత నల్లగా ఉండదు, కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలాకే నల్లబడుతుంది. కరక్కాయ పట్టించని గుడ్డ మీద గీస్తే ఆ నలుపు రాదు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి తర్వాత చెక్క రంగులో ఉడకబెడతారు, పటిక ఉన్న చోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. అంటే రంగు ద్రవంలోనూ లేదు, గుడ్డలోనూ లేదు, రెండూ కలిసిన చోట ఉంది. కార్డులూ పాంప్లెట్లూ ప్లేట్లతో కొట్టే ఆఫ్‌సెట్ ప్రెస్సు కూడా ఇదే పాట పాడుతుంది, పేర్లు మారాయి అంతే. నున్నటి ఆర్ట్ పేపర్ మీద ఇంకు పైనే నిలబడుతుంది, రంగు నిండుగా కనపడుతుంది. మ్యాప్‌లితో అనే నునుపు పూత లేని మామూలు కాగితం మీద కొంత లోపలికి ఇంకిపోయి రంగు ఒక మెట్టు దిగుతుంది. న్యూస్‌ప్రింట్ అయితే పీల్చేస్తుంది, చుక్క పాకుతుంది. ప్రింటింగ్ వాళ్లు దీన్ని డాట్ గెయిన్ అంటారు, న్యూస్‌పేపర్ ప్రింటింగ్ స్టాండర్డ్‌లో ఇది 26 శాతం దాకా ఉంటుందనే లెక్క వేసుకుంటారు, అంటే ఫైల్‌లో 50 శాతం చుక్క కాగితం మీద ముప్పావు వంతు నిండినట్టు కనపడుతుంది. ఆర్ట్ పేపర్ మీద నాలుగు ఇంకులూ కలిపి 300 శాతం దాకా తట్టుకుంటే న్యూస్‌ప్రింట్ 240 దగ్గరే ఆగమంటుంది, దాటితే ఇంకు వెనక పేజీకి అంటుతుంది. ఒకే ఫైల్‌ని కార్డుకీ పాంప్లెట్‌కీ ఇచ్చి రెండూ ఒకటే రావాలంటే ఎట్లా వస్తాయి. లామినేషన్ కూడా లెక్కలోకి తీసుకోవాలి, మెరిసే గ్లాసీ వేస్తే రంగు ముదురుతుంది, మ్యాట్ వేస్తే కొంచెం బూజు పట్టినట్టు అవుతుంది, చాలామంది ప్రూఫ్, అంటే ముందు కొట్టి చూపించే నమూనా, లామినేషన్ లేకుండా చూసి ఓకే చెప్పి తర్వాత బాధపడతారు.

దీనికి పెద్ద కంపెనీలు పట్టుకున్న దారి స్పెషల్ కలర్, నాలుగు ఇంకుల చుక్కలతో తంటాలు పడకుండా ఆ ఒక్క రంగుని డబ్బాలోనే కలిపి నేరుగా వెయ్యడం. పాంటోన్ అనే అమెరికన్ కంపెనీ 1963లో తెచ్చిన సిస్టమ్ ఇదే, నంబర్ చెప్తే ఏ బేస్ ఇంకు ఎంతెంత కలపాలో పాళ్లు రాసున్న విసనకర్ర లాంటి పుస్తకం ఇస్తారు. అందులో నంబర్ చివర సీ అని ఉంటే నున్నటి కాగితానికి, యూ అని ఉంటే మామూలు కాగితానికి, ఇంకు పాళ్లు ఒకటే అయినా రెండూ పక్కపక్కన పెడితే వేరే వేరే రంగుల్లా ఉంటాయి, కలంకారీ కథే మళ్లీ. ఆ పుస్తకం వేలల్లో ఖర్చు, పైగా రంగు వెలుస్తుంది కాబట్టి ఏడాది ఏడాదిన్నరకి మార్చుకోమని కంపెనీయే చెప్తుంది, వాళ్ల వ్యాపారం కూడా చూసుకోవాలి కదా పాపం. 2022లో అడోబీ సాఫ్ట్‌వేర్ల నుంచి పాంటోన్ లైబ్రరీలు చాలావరకు తీసేశారు, పాంటోన్‌కి విడిగా సబ్‌స్క్రిప్షన్ కట్టనివాళ్లు పాత ఫైళ్లు తెరిస్తే ఆ రంగులున్న చోట నలుపు కనపడి గోల గోల అయ్యింది. ఒక కంపెనీ పుస్తకం మీద రంగుని పూర్తిగా ఆనించి పెట్టడంలో ఉన్న రిస్క్ అప్పుడు బయటపడింది.

మన చిన్న షాపుకి స్పెషల్ కలర్ గిట్టుబాటు అవుతుందా అంటే, ఒకటి రెండు రంగుల్లోనే పని ఉంటే అవుతుంది. లెటర్‌హెడ్, బిల్లు బుక్కు, స్వీట్ డబ్బా మూత లాంటివి. మల్టీకలర్ విజిటింగ్ కార్డుల్లో కుదరదు, ఎందుకంటే తక్కువ రేటుకి వచ్చే కార్డులు ఒక్కరివే విడిగా కొట్టరు, పెద్ద షీట్ మీద పదీ ఇరవై మందివి కలిపి వేస్తారు. మీ కార్డు పక్కన ఎవరిదో ముదురు నీలం కార్డు పడి, వాళ్ల నీలం కోసం ఆపరేటర్ ఇంకు పెంచితే అదే వరసలో ఉన్న మీ పసుపుకి కూడా ఆ దెబ్బ తగులుతుంది. పోయినసారి వచ్చిన రంగు ఈసారి రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. శివకాశిలో క్యాలెండర్లు కొట్టించుకునేవాళ్లైతే షీట్ అంతా మీదే కాబట్టి ముందు ఒప్పుకున్న ప్రూఫ్‌కి దగ్గరగా తెప్పించుకోవచ్చు, అడగాలంతే.

ఇక ఫ్లెక్సీ. మన ఊళ్లో బ్రాండ్‌ని నిజంగా జనం చూసేది ఇక్కడే, రేణిగుంట రోడ్డులో పోయేవాడికి ఇన్‌స్టా పేజీ కనపడదు, బోర్డు కనపడుతుంది. కానీ అందరూ రంగు గురించి ఆలోచించేటప్పుడు అన్నిటికంటే చివర్లో పెట్టేదీ ఇదే. ఫ్లెక్సీ మిషన్ సాల్వెంట్ ఇంకుతో పీవీసీ షీట్ మీద కొడుతుంది, ఆఫ్‌సెట్ మెజెంటా వేరు, దీని మెజెంటా వేరు, 0-20-100-0 అని అక్షరం పొల్లు పోకుండా అదే నంబర్ ఇచ్చినా రెండు చోట్లా ఒకటే పసుపు రాదు. పైగా మిషన్ ఎన్ని పాస్‌లలో కొడుతోంది, అంటే ఒకే చోట ఎన్ని సార్లు ఇంకు చల్లుతూ పోతోంది అనేది ఒకటుంది. సాయంత్రానికి ఇరవై ఫ్లెక్సీలు ఇవ్వాలి, ఎవరిదో పుట్టినరోజు, ఆపరేటర్ పాస్‌లు తగ్గించి స్పీడు పెంచుతాడు, ఇంకు పలచగా పడి రంగు లేతగా వస్తుంది, దగ్గరికెళ్తే అడ్డంగా సన్నటి చారలు కూడా కనపడతాయి. ఇంకు కంపెనీ మార్చి ప్రొఫైల్ మార్చకపోతే అది ఇంకో తేడా. లోపల లైట్లుండే గ్లో సైన్ బోర్డయితే పగలు ఒక రంగు, రాత్రి లైట్ వేశాక ఇంకో రంగు, వెనక నుంచి వెలుగు వచ్చేసరికి పలచటి పసుపు తెల్లబడిపోతుంది, దానికి బ్యాక్‌లిట్ షీట్ మీద ఇంకు ఎక్కువ పడేట్టు కొట్టించాలి.

ఎండ గురించి వేరే చెప్పాలా. మన ఎండలకి ఫ్లెక్సీ మీద ముందు ఎగిరిపోయేవి పసుపు, మెజెంటా, గట్టిగా నిలబడేవి సియాన్, నలుపు. సర్కిళ్లలో పాత ఫ్లెక్సీల్లో నాయకుల మొహాలు నీలంగా మారిపోయి ఉంటాయి చూడండి, అది అభిమానుల పని కాదు, ఎండ పని. ఈ లెక్కన పసుపు, కుంకుమ రంగుల బ్రాండ్ అంటే ఎండలో అందరికంటే ముందు ఓడిపోయే బ్రాండ్. అట్లాగని ఈ ఊళ్లో పసుపు కుంకుమలు వదులుకోమని ఎవరూ చెప్పలేరు, చెప్పినా ఎవరూ వినరు. పడమర ఎండ తగిలే గోడకైతే ఫ్లెక్సీ బదులు కట్ చేసిన రంగు వినైల్, లేదా యాక్రిలిక్ అక్షరాలు పెట్టుకుంటే ఖర్చు ఎక్కువైనా రంగు ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ రంగు పైన పూసిన ఇంకులో ఉండదు, ఆ సరుకులోనే కలిసి ఉంటుంది.

సంచుల దగ్గర ఇంకో చిక్కు. స్క్రీన్ ప్రింటింగ్ అతను నంబర్లు చూడడు, డబ్బాలో ఇంకు వేసి పుల్లతో కలిపి కంటితో చూసి సరిపెడతాడు, ఆ చేతికి వంక పెట్టలేం, చాలాసార్లు మిషన్ కంటే కరెక్టుగా తెస్తాడు. కానీ అతనికి చూపించాల్సింది సెల్లు కాదు, చేతికి ఇచ్చే రంగు ముక్క. ఇంకులు చాలావరకు పలచటివి, కింద ఉన్నది పైకి కనపడుతుంది, గోధుమ రంగు క్రాఫ్ట్ కవర్ మీదో ఎర్ర సంచి మీదో పసుపు వేస్తే అది పసుపుగా నిలబడదు, ముందు తెల్ల పొర వేసి దాని మీద వెయ్యాలి. చిత్తూరు మామిడి గుజ్జు డబ్బాల మీద రేకుకే నేరుగా బొమ్మ కొట్టాలన్నా ఇదే పద్ధతి, రేకు మీద తెల్ల కోటింగ్ పడకపోతే తోతాపురి కాస్తా తుప్పు రంగు కాయ అవుతుంది.

రంగు కలిసిందా లేదా అని చూసే వెలుగు కూడా మోసం చేస్తుంది. రెండు పసుపులు ప్రెస్సులో ట్యూబులైట్ కింద కవలల్లా ఉండి బయట ఎండలోకి తేగానే ఒకటి పచ్చగా ఇంకొకటి ఎర్రగా విడిపోవడం మామూలే, వేరే వేరే ఇంకులతో చేసిన ఒకేలాంటి రంగులకి ఈ జబ్బు ఉంటుంది. ప్రింట్ చూడటానికి అంతర్జాతీయ స్టాండర్డ్ 5000 కెల్విన్ వెలుగు అడుగుతుంది, స్క్రీన్ల తెలుపు మాత్రం 6500 కెల్విన్ మీద కట్టుకుని ఉంది, కొంచెం నీలం వైపు. అంత లైటు పెట్టిన గది మన దగ్గర ఎన్ని ప్రెస్సుల్లో ఉంటుంది. పొద్దున పదింటికి గడప బయట నీడలో నిలబడి చూడటం చాలావరకు సరిపోతుంది, చీర కొనేటప్పుడు అమ్మావాళ్లు షాపు బయటికి తెచ్చి చూస్తారే, అదే తెలివి. పక్కన ఏ రంగుంది అనేది కూడా చూసుకోవాలి. ఫ్రాన్స్‌లో గోబెలాన్ వస్త్రాల కర్మాగారంలో రంగుల విభాగం చూసుకున్న షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకి నల్ల దారం సరిగ్గా నల్లగా లేదని కంప్లయింట్ వస్తే, వెతికి వెతికి చివరికి తేల్చింది ఏంటంటే దారం బాగానే ఉంది, పక్కన నేసిన రంగుల వల్ల కంటికి అట్లా కనపడుతోంది అని. 1839లో దీని మీద పెద్ద పుస్తకమే వేశాడు. కుంకుమ రంగు పక్కన ఉన్న పసుపు, తెల్ల నేల మీద ఉన్న అదే పసుపు, రెండూ ఒకటే ఇంకు అయినా ఒకటిగా కనపడవు.

ఎంత తేడా వస్తే ఊరుకోవచ్చు, ఎంత వస్తే వెనక్కి పంపాలి అనేదానికి కూడా ఒక కొలత ఉంది, డెల్టా ఈ అంటారు. 1976లో సీఐఈ అనే సంస్థ ఖరారు చేసిన ల్యాబ్ అనే రంగుల పటంలో రెండు రంగుల మధ్య దూరం అది. 1 దగ్గర ఉంటే మామూలు కన్ను పట్టుకోవడం కష్టం, ఆఫ్‌సెట్ స్టాండర్డ్ నిండు ఇంకుల్లో 5 దాకా ఒప్పుకుంటుంది, పట్టుదల ఉన్న కంపెనీలు 2, 3 అడుగుతాయి. కొలిచే మిషన్ ఖరీదైనది, చిన్న షాపుకి అవసరం లేదు, కానీ రంగుని పేరుతో వదిలెయ్యకుండా కొలతతో రాసుకోవాలనే ఆలోచన మన దేశంలో పాతదే. జాతీయ జెండాకి 1951లో స్పెసిఫికేషన్ రాశారు, దాని నంబరే ఐఎస్ 1, అంటే మన ప్రమాణాల్లో మొట్టమొదటిది, కాషాయం, పచ్చ ఎట్లా ఉండాలో అంకెల్లో ఇచ్చారు, 1968లో సవరించారు కూడా. అయినా ఆగస్టు 15కి బజార్లో చూస్తే ఎన్ని కాషాయాలు, ఎన్ని పచ్చలు. రాసిపెట్టుకోవడం వేరు, తెప్పించుకోవడం వేరు.

మరి పసుపుని ఎక్కడ ఎంచుకోవాలి అంటే, అన్నిటికంటే చేతకాని మిషన్ దగ్గర. ఆ స్వీట్ షాపు వాళ్లు చెయ్యాల్సింది పెద్ద పని కూడా కాదు. మామూలుగా కొట్టించే ఫ్లెక్సీ షాపులోనే ఒక అడుగు ముక్క మీద 0-10-100-0 నుంచి 0-30-100-0 దాకా అయిదయిదు పెంచుకుంటూ పసుపు పట్టీలు, పక్కనే కుంకుమకి నాలుగైదు పట్టీలు, కింద ఏ నంబరో రాసి వేయించుకోవాలి. అదే ఫైల్ కార్డులు కొట్టే చోట ఆర్ట్ పేపర్ మీద ఒకటి, మ్యాప్‌లితో మీద ఒకటి. ఖర్చు వందల్లోనే. అన్నీ బయట నీడలో పరిచి ఒకదానికొకటి దగ్గరగా ఉన్న పసుపుల్ని ఏరుకోవాలి, ఫ్లెక్సీలో 15 పట్టీ, ఆర్ట్ పేపర్‌లో 20 పట్టీ కలిస్తే కలవనీ, నంబర్లు ఒకటే ఉండాలని రూలేం లేదు, కంటికి ఒకటే ఉంటే చాలు. స్క్రీన్ రంగుని అన్నిటికంటే ఆఖర్న, ఆ ముక్కని పక్కన పెట్టుకుని వివిడ్, నైట్ లైట్ అన్నీ ఆపేసిన ఫోన్‌లో దానికి దగ్గరగా తెచ్చుకోవాలి. స్క్రీన్ ఎటైనా వంగుతుంది, దానికి రంగులు ఎక్కువ, దిగిరావడం దానికి కష్టం కాదు, ఫ్లెక్సీని పైకి ఎక్కించడమే ఎవరి వల్లా కాదు. సెల్లులో ఇదివరకంత నిగనిగ ఉండదు, మేనల్లుడు మొహం మాడ్చుకుంటాడు, పర్లేదు.

తర్వాత ఆ ముక్కల వెనక తేదీ, ప్రెస్సు, కాగితం, లామినేషన్ రాసి నల్ల కవర్లో పెట్టి బీరువాలో పడెయ్యాలి, గోడకి అతికిస్తే అది కూడా వెలుస్తుంది. ఎవరికి పని ఇచ్చినా నంబర్‌తో పాటు ముక్క కూడా చూపించి, అయ్యాక దాని పక్కన పెట్టి చూసే డబ్బులివ్వాలి. బ్రహ్మోత్సవాల ముందు ఊరంతా కొత్త ఫ్లెక్సీలు కట్టే టైంలో ఒక్క జాగ్రత్త ఉంటే మంచిది, షాపు ముందు రెండు బోర్డులుంటే చిరిగినది ఒక్కటే మార్చి రెండోది ఇంకా బాగానే ఉంది కదా అని వదిలెయ్యొద్దు, ఎండాకాలం అంతా ఎండలో ఉన్న పాత పసుపు పక్కన కొత్త పసుపు ఎంత కరెక్టుగా వచ్చినా తప్పుగానే కనపడుతుంది, రెండూ ఒకేసారి ఒకే మిషన్ మీద కొట్టించి ఒకే రోజు కట్టించాలి.